నాలుగు గంటల కత్తి, మూడు వారాల కాపలా

డల్లాస్‌లో ఉండే ఒక తెలుగావిడ సంక్రాంతికి ఇంటికి వస్తున్నారనుకుందాం. వయసు 56. చేతిలో ఉన్నది మూడు వారాల సెలవు. మొదటి వారం చుట్టాల ఇళ్లకు, రెండో వారం తిరుపతికీ ఒక పెళ్లికీ సరిపోతుంది. చివరి వారంలో హైదరాబాద్‌లో ఫేస్‌లిఫ్ట్ చేయించుకుని, కుట్లు విప్పించుకున్న మర్నాడే విమానం ఎక్కేస్తే సెలవూ కలిసొస్తుంది, డబ్బూ కలిసొస్తుంది. అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ల సంఘం లెక్క ప్రకారం అక్కడ ఈ ఆపరేషన్‌కు సర్జన్ ఫీజు ఒక్కటే సగటున 11 వేల డాలర్లు దాటుతోంది. మత్తు డాక్టరుకు, థియేటర్‌కు కట్టేది వేరే.

ఈ ప్లానులో హైదరాబాద్ తప్పేమీ లేదు, మంచి సర్జన్లు ఇక్కడ ఉన్నారు. తప్పంతా క్యాలెండర్‌లో ఉంది. చివరి వారంలో పెట్టుకున్న పని మొదటి వారంలోనే పెట్టుకోవాల్సింది. ఇస్తాంబుల్, సియోల్, బ్యాంకాక్ వెళ్లేవాళ్లు చేసే పొరపాటూ ఇదే. ఆపరేషన్ తేదీ చూసి టికెట్లు కొంటారు, తర్వాతి రోజులను విశ్రాంతి పద్దులో వేసేస్తారు. హోటల్ గదీ, ఎయిర్‌పోర్టు కారూ, ఊరు చూపించడమూ కలిపి అమ్మే ప్యాకేజీలు ఈ భ్రమను ఇంకా పెంచుతాయి. నిజానికి ఫేస్‌లిఫ్ట్‌లో ఇబ్బందులు చాలావరకు బయటపడేది థియేటర్ నుంచి బయటికొచ్చాకే. ఎందుకో తెలియాలంటే చర్మం కిందికి దిగి చూడాలి.

నులక బిగించే పని

వదులైన చర్మాన్ని చెవుల వైపు లాగి, మిగిలింది కత్తిరించి కుట్టడమే ఫేస్‌లిఫ్ట్ అని చాలామంది అనుకుంటారు. వందేళ్ల కిందట నిజంగా అంతే. 20వ శతాబ్దం మొదట్లో యూరప్‌లో ఇది మొదలైనప్పుడు జుట్టు అంచునా, చెవి ముందూ కాస్త కాస్త చర్మం కోసి తీసి కుట్టేసేవారు. పారిస్‌లో సుజాన్ నోయెల్ అనే మహిళా సర్జన్ ఈ పనిలో పేరు తెచ్చుకుని 1926లో పుస్తకం కూడా రాశారు. కానీ చర్మానిది సాగే గుణం. బిగువంతా దాని మీదే మోపితే కొన్నాళ్లకు మళ్లీ సాగుతుంది, కుట్టు మచ్చ వెడల్పవుతుంది, చెవి తమ్మె కిందికి జారి చెంపకు అతుక్కుపోయినట్టవుతుంది. ఎదురుగాలికి స్కూటర్ నడుపుతున్నట్టు కనిపించే ముఖాలు ఆ పద్ధతి మిగిల్చినవే.

నులక మంచం వదులైతే పైన దుప్పటి ఎంత లాగి పరిచినా నడుమ గుంట పోదు. నులకే బిగించాలి. ముఖంలో ఆ నులక ఏమిటో సర్జన్లకు స్పష్టపడింది 1970లలో. చర్మం కింద కొవ్వు, కొవ్వు కింద ముఖ కండరాలను కలుపుతూ సాగే పలచని, గట్టి పొర ఒకటి ఉంటుంది. స్వీడన్ సర్జన్ టార్డ్ స్కూగ్ చర్మంతో పాటు ఆ లోపలి పొరనూ కలిపి పైకి లేపవచ్చని చూపించారు. 1976లో మిట్జ్, పెరోనీ అనే ఫ్రెంచ్ సర్జన్లు ఆ పొర నిర్మాణాన్ని వివరించి పేరు పెట్టారు. ఆ పొడుగాటి పేరును కుదించి అందరూ ‘స్మాస్’ అంటున్నారు. ఇప్పుడు ఇన్‌స్టాగ్రామ్‌లో మోగిపోతున్న ‘డీప్ ప్లేన్’ అన్న మాట 1990 నాటిది. దాన్ని ప్రచురించిన సామ్ హామ్రా, మన ఆవిడ ఉండే డల్లాస్‌లోనే ప్రాక్టీసు చేసిన సర్జన్. స్మాస్ పొర కిందికి వెళ్లి, దాన్ని ఎముకకు పట్టి ఉంచే లిగమెంట్లను వదులు చేసి, బుగ్గను మొత్తంగా పైకి జరపడం అందులోని కీలకం. చర్మం మీద లాగుడు పడదు కాబట్టి ముఖం సహజంగా ఉంటుంది, ఫలితమూ ఎక్కువ కాలం నిలుస్తుంది.

అలాగని శాశ్వతం కాదు. అమెరికా టీవీ తార క్రిస్ జెన్నర్ 69 ఏళ్ల వయసులో, 2025లో, తాను ఫేస్‌లిఫ్ట్ చేయించుకున్నానని దాపరికం లేకుండా చెప్పారు. అది రెండోది. మొదటిది చేయించుకుని పదిహేనేళ్లయింది కాబట్టి మళ్లీ వేళయిందన్నారు. ముఖం ఎముక వయసుతో పాటు అరుగుతుంది, బుగ్గల కొవ్వు తరుగుతుంది, ఎండ చర్మం నాణ్యతను తినేస్తుంది. వీటిలో ఏదీ ఈ ఆపరేషన్‌తో ఆగదు. దవడ అంచున వేలాడే కండ, మెడ వదులు, జారిన బుగ్గలు వీటికి ఇది మంచి మందు. కళ్ల కింద సంచులకు, నుదుటి గీతలకు, మంగు మచ్చలకు ఇది పనికిరాదు. దవడ కోసం వెళ్లినవాళ్లకు ‘పనిలో పని’ అని కనురెప్పలు, ముక్కు, పొట్ట కూడా ఒకే మత్తులో చేసేస్తామనే చోట నేనైతే ఆగిపోతాను. మత్తులో గడిపే గంటలు పెరిగేకొద్దీ కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది.

నులక బిగించే ఆ చోటే ముఖనాడి పరుచుకుని ఉంది. చెవి తమ్మె దగ్గర లాలాజల గ్రంథిలోంచి వచ్చి, అయిదు ప్రధాన కొమ్మలుగా చీలి, కనుబొమ ఎత్తడం, కన్ను మూయడం, నవ్వడం, కింది పెదవిని లాగడం, మెడ కండరాన్ని బిగించడం ఇవన్నీ చేయించేది ఇదే. అనుభవమున్న చేతుల్లో ఈ కొమ్మలు శాశ్వతంగా దెబ్బతినడం నూటికి ఒకటి కన్నా తక్కువ. కొన్ని వారాలో నెలలో మూతి ఒకవైపు బలహీనపడి మళ్లీ సర్దుకోవడం అంతకంటే ఎక్కువగా కనిపిస్తుంది. అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతినేది మరో నాడి. మెడ పక్కగా ఎక్కి చెవికి స్పర్శనిచ్చే నాడి అది. దానికేమీ కాకపోయినా చర్మం విడదీయడం వల్ల చెంపలూ చెవులూ కొన్ని నెలలు మొద్దుబారి ఉంటాయి. చిన్న విషయంలా అనిపిస్తుంది కానీ, స్పర్శ లేని చెవి పక్కన హెయిర్ డ్రయ్యర్ పెట్టుకుంటే కాలుతున్నా తెలియదు. బరువైన బుట్టకమ్మలు తమ్మెను లాగుతున్నా తెలియదు. ఆ పెళ్లికి జుంకాలు పెట్టుకునే ఉద్దేశముంటే ఆపరేషన్‌ను పెళ్లి తర్వాతికో, పెళ్లికి చాలా నెలల ముందుకో జరపాలి.

మొదటి రాత్రి

ఫేస్‌లిఫ్ట్‌లో అన్నిటికన్నా తరచుగా ఎదురయ్యే చిక్కు చర్మం కింద నెత్తురు గూడు కట్టడం. ఆడవాళ్లలో నూటికి ఒకరి నుంచి ముగ్గురి దాకా వస్తుంది. మగవాళ్లలో అంతకు రెట్టింపు పైనే, ఎందుకంటే గడ్డం వెంట్రుకల కుదుళ్లకు రక్తసరఫరా ఎక్కువ. ఎక్కువగా మొదటి 24 గంటల్లోనే వస్తుంది.

జరిగేది ఇది. ఆపరేషన్ చేసేటప్పుడు అడ్రినలిన్ కలిపిన మందు ఎక్కించి రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తారు. మత్తులో బీపీ కూడా అదుపులో ఉంటుంది. అంతా పొడిగా, శుభ్రంగా కనిపిస్తుంది. కొన్ని గంటలకు మందు ప్రభావం దిగుతుంది. మెలకువ వస్తుంది. నొప్పికో, వాంతికో, దగ్గుకో, ఉచ్చ ఆగిపోయి కంగారుపడ్డందుకో బీపీ ఎగుస్తుంది. అప్పటిదాకా ముడుచుకున్న చిన్న నాళమొకటి తెరుచుకుంటుంది. చర్మానికీ లోపలి పొరకూ మధ్య విడదీసిన చోటు ఖాళీగానే ఉంది. నెత్తురు అక్కడ నిండుతుంది. పైకి లేపి కుట్టిన ఆ చర్మానికి ఇప్పుడు రక్తం అందుతున్నది ముఖం మధ్య వైపు నుంచి మాత్రమే. లోపలి ఒత్తిడికి ఆ కాస్తా ఆగిపోతే చెవి ముందో, వెనుకో చర్మం నల్లబడి చచ్చిపోతుంది. దీనికి మందుబిళ్ల లేదు. వెంటనే కుట్లు విప్పి, నెత్తురు తీసి, కారుతున్న నాళాన్ని మూయాలి. గంటల్లో చేస్తే చాలామందిలో ఏ గుర్తూ మిగలదు. తెల్లారాక చూద్దామంటే మిగులుతుంది.

రెండు చెంపలూ ఇంచుమించు సమానంగా వాచి, నొప్పి బిళ్లకు లొంగుతుంటే అది మామూలు వాపే. ఒకవైపే బిగదీసుకుపోయి, గట్టిపడి, నొప్పి గంటగంటకూ పెరిగితే అది ఫోన్ చేయాల్సిన సమయం. అందుకే డబ్బు కట్టకముందే అడగాల్సిన మొదటి ప్రశ్న ధర గురించో, డీప్ ప్లేనా కాదా అనో కాకూడదు. ‘రాత్రి రెండింటికి నేను ఫోన్ చేస్తే ఎత్తేదెవరు? ఎంతసేపట్లో నన్ను థియేటర్‌లోకి తీసుకెళ్తారు?’ అన్నది ఆ ప్రశ్న. కాల్ సెంటర్ నంబరు ఇస్తే అది జవాబు కాదు. పగలు ఆపరేషన్, సాయంత్రం హోటల్ అనే ఏర్పాటు అయితే, ఆ హోటల్లో రాత్రంతా నర్సు ఉంటుందా, ఆసుపత్రి పక్కవీధిలో ఉందా, లేక ఊరి ట్రాఫిక్ దాటుకుని రావాలా అన్నది తెలుసుకోవాలి. వెంట ఒక మనిషి ఉండి తీరాలి. వీల్ చెయిర్ తోయడానికి కాదు, ఒక చెంప రెండో చెంపలా లేదని గమనించడానికి.

బీపీ ఉన్నవాళ్లు వారాల ముందు నుంచే దాన్ని అదుపులోకి తెచ్చుకోవాలి. ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్, విటమిన్ ఇ, చేప నూనె గుళికలు, వెల్లుల్లి మాత్రలు, గింకో ఇవన్నీ రక్తం గడ్డకట్టడాన్ని మందగింపజేయగలవు. సాధారణంగా రెండు వారాల ముందు నుంచి ఆపమంటారు. అయితే గుండె కోసం ఆస్పిరినో క్లోపిడోగ్రెలో వేసుకునేవాళ్లు సొంతంగా ఆపకూడదు, గుండె డాక్టరుతో మాట్లాడాకే ఆపాలి. ఇంట్లో వాడే చూర్ణాలు, కషాయాలు మందులు కావన్న లెక్కన మనవాళ్లు డాక్టరుకు చెప్పరు. చెప్పాలి. ఒజెంపిక్, మౌంజారో లాంటి సూదిమందులు వాడుతున్న సంగతైతే మత్తు డాక్టరుకు తప్పకుండా తెలియాలి. ఇవి కడుపు ఖాళీ కావడాన్ని ఆలస్యం చేస్తాయి. రాత్రి నుంచి పస్తున్నా కడుపులో ఆహారం మిగిలి, మత్తులో ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదముంది. ఆ సూదులతో వేగంగా బరువు తగ్గి, బుగ్గలు జారి ఫేస్‌లిఫ్ట్‌కు వస్తున్నవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. బరువు ఒక చోట నిలిచాకే ఆపరేషన్, లేకపోతే బిగించిన నులక మళ్లీ వదులవుతుంది.

పొగాకు సంగతి వేరుగా చెప్పాలి. 1984లో సర్జన్ థామస్ రీస్ బృందం ఫేస్‌లిఫ్ట్ చేయించుకున్నవాళ్లను పరిశీలించి, పొగతాగేవాళ్లలో చర్మం చచ్చిపోయే ముప్పు 12 రెట్లకు పైగా ఉందని చూపించింది. నికోటిన్ సన్నని రక్తనాళాలను ముడిచేస్తుంది. ఒక్క అంచు నుంచి వచ్చే రక్తం మీద బతకాల్సిన చర్మానికి అది గొంతు నులిమినట్టే. కనీసం నాలుగు వారాల ముందు మానేయాలంటారు. మగవాళ్లలో కొందరు సిగరెట్ మానేసి గుట్కా, ఖైనీ మాత్రం ఉంచుకుంటారు. వాటిలోనూ ఉన్నది అదే నికోటిన్. ప్యాచ్‌లో, చూయింగ్ గమ్‌లో, వేప్‌లోనూ అదే. దీని విషయంలో సర్జన్‌కు అబద్ధం చెబితే నష్టపోయేది ఎవరి చెంపో చెప్పక్కర్లేదు.

మూడో రోజు అద్దం

వాపూ కమిలిన రంగూ రెండు మూడు రోజులకు పతాక స్థాయికి చేరతాయి. అప్పుడు అద్దంలో కనిపించేది ప్యాకేజీ ఫొటోలోని ముఖం కాదు. కళ్లు సన్నబడి, మెడ పసుపు నలుపు కలిసిన రంగులోకి మారి, చెవులు ఎవరివో అన్నట్టు ఉంటాయి. చాలామందికి ఆ రోజుల్లో దిగులు కమ్ముతుంది. ‘ఎందుకు చేయించుకున్నానురా దేవుడా’ అనిపించడం ఎంత మామూలో ముందే చెప్పే సర్జన్ నమ్మదగినవాడు. పరాయి ఊళ్లో హోటల్ గదిలో ఒంటరిగా ఆ రోజు గడపడం వేరు, సొంత మనుషుల మధ్య గడపడం వేరు. హైదరాబాద్‌కు రావడంలో నిజమైన లాభం ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది. నష్టమూ ఇక్కడే ఉంది. పలకరించడానికి చుట్టాలు వస్తారు, వాళ్లతో మాట్లాడుతూ నవ్వాలి, వంగి పెద్దవాళ్ల కాళ్లకు దండం పెట్టాలి. తల గుండె కన్నా కిందికి వంచడం, బరువులెత్తడం, ముక్కడం ఇవేవీ మొదటి రెండు మూడు వారాలు కూడదు. తల కింద దిళ్లు పేర్చుకుని వెల్లకిలా పడుకోవాలి.

తినడానికి ఇడ్లీ, మెత్తటి పప్పన్నం, పెరుగన్నం. గట్టిగా నమలాల్సిన చేగోడీలు, అరిసెలు, చెరుకు ముక్కలు సంక్రాంతి అయినా పక్కన పెట్టాలి. ఉప్పు వాపును పట్టి ఉంచుతుంది, కాబట్టి ఆవకాయతో కూడా కొన్నాళ్లు ఎడం పాటించాలి. చెవి ముందు కుట్లు సాధారణంగా అయిదారు రోజులకు, వెనుకవి, జుట్టులోవి వారం పది రోజులకు తీస్తారు. రెండు వారాలకు కమిలిన రంగు చాలావరకు పోయి నలుగురిలోకి వెళ్లగలిగేలా ఉంటుంది. మిగతా వాపు నెలల మీద, మచ్చలు ఆరు నెలల నుంచి ఏడాది మీద సర్దుకుంటాయి. మన చామనఛాయ, నలుపు చర్మాల్లో కుట్టు వెంట గోధుమరంగు మరక నిలిచిపోవడం, మచ్చ ఉబ్బి గట్టిపడడం తెల్ల చర్మాల కన్నా ఎక్కువ. చెవులు కుట్టించుకున్న చోటో, పాత గాయం దగ్గరో కీలాయిడ్ వచ్చిన చరిత్ర ఉంటే మొదటి సంప్రదింపులోనే చెప్పాలి. జుట్టుకు రంగు వేసుకునేవాళ్లు ఆపరేషన్‌కు ముందే వేయించుకోవాలి, తర్వాత గాయం పూర్తిగా మానేదాకా ఆ రసాయనం తగలకూడదు. తిరుపతిలో తలనీలాల మొక్కు ఉంటే దాని సంగతీ ముందే ఆలోచించుకోండి. కణతల దగ్గర, చెవి వెనుక ఎర్రగా ఉన్న కుట్టు మీద కత్తి పెట్టనివ్వకూడదు. పైగా జుట్టు దాచిపెట్టే మచ్చ గుండు చేయిస్తే ఊరందరికీ కనిపిస్తుంది. మగవాళ్లకు మరొకటి. గడ్డం పెరిగే చర్మం చెవి దాకా జరుగుతుంది కాబట్టి ఆ తర్వాత చెవి అంచునా, వెనుకా కూడా గీసుకోవాల్సి రావచ్చు.

విమానం ఎప్పుడు ఎక్కాలి

అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం ప్రయాణికులకిచ్చే సూచనల్లో, ముఖానికి కాస్మెటిక్ ఆపరేషన్లు చేయించుకున్నవాళ్లు 7 నుంచి 10 రోజులు విమానం ఎక్కకూడదన్న ప్లాస్టిక్ సర్జన్ల సంఘం సలహా ఉంది. అది కనీసం. అది కూడా ఏ చిక్కూ రాకపోతే.

విమానంలో కుట్లు పిగిలిపోతాయన్నది అపోహ. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి 6,000 నుంచి 8,000 అడుగుల కొండ మీద ఉన్నంత ఉంటుంది. ఊటీలో కూర్చున్నట్టే. భయపడాల్సింది కదలకుండా కూర్చునే గంటల గురించి. నాలుగు గంటలు దాటిన ప్రయాణంలో కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో తేల్చింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో అది దాదాపు 6,000 మందిలో ఒకరికి మాత్రమే. కానీ ఆపరేషన్ కూడా రక్తాన్ని గడ్డకట్టే వైపు నెడుతుంది, ఆ ప్రభావం కొన్ని వారాలుంటుంది. ఊబకాయం, ఈస్ట్రోజెన్ మాత్రలు, ఇంట్లో ఎవరికైనా అలా గడ్డకట్టిన చరిత్ర ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. హైదరాబాద్ నుంచి గల్ఫ్‌కు నాలుగు గంటలు, అక్కడ నిరీక్షణ, మళ్లీ అక్కణ్నుంచి డల్లాస్‌కు పదహారు గంటలు. పిక్క ఒకటే వాచి నొప్పి పుట్టినా, అకస్మాత్తుగా ఆయాసం వచ్చినా అది అలసట అనుకోకూడదు.

ఆ పైన 23 కిలోల పెట్టెలు రెండు. పచ్చళ్లూ పొడులూ నింపిన వాటిని కన్వేయర్ బెల్టు మీంచి మీరు దింపకూడదు. దారిలో నిలబడి సాయం అడగడానికి మొహమాటపడేవాళ్లు వీల్ చెయిర్ బుక్ చేసుకోవడం మేలు. దేశంలోపలి విమానానికి డిజియాత్ర కెమెరా మీ వాచిన ముఖాన్ని గుర్తుపట్టకపోతే ఆశ్చర్యపోకండి. ఇమిగ్రేషన్‌లో చూపించడానికి సర్జన్ లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం దగ్గర ఉంచుకోండి.

కత్తి ఎవరి చేతిలో

సియోల్‌లో ప్లాస్టిక్ సర్జరీ క్లినిక్‌లు గుట్టలుగా ఉండే గంగ్నమ్‌లో 2016లో ఒక 24 ఏళ్ల విద్యార్థి దవడ ఆపరేషన్‌కు వెళ్లాడు. ఒప్పుకున్న సర్జన్ అదే సమయంలో వేరే గదుల్లోనూ ఆపరేషన్లు చేస్తున్నాడు. కుర్రాడు విపరీతంగా రక్తం కోల్పోయి, తర్వాత చనిపోయాడు. థియేటర్ కెమెరా దృశ్యాలను సంపాదించి అతని తల్లి ఏళ్ల తరబడి పోరాడింది. పేరున్న డాక్టరు మాట్లాడి ఒప్పించడం, మత్తు ఎక్కాక మరొకరు వచ్చి కోయడం అక్కడ ఎంతగా సాగుతోందంటే దానికి ‘దెయ్యం సర్జరీ’ అని పేరే పడింది. చివరికి 2021లో దక్షిణ కొరియా పార్లమెంటు చట్టం చేసింది. 2023 సెప్టెంబర్ 25 నుంచి, రోగి స్పృహ లేకుండా జరిగే ఆపరేషన్లను రోగి కోరితే కెమెరాలో రికార్డు చేయాలి. సియోల్ వెళ్లేవాళ్లు ఈ హక్కును వాడుకోవాలి. మిగతా చోట్లకు వెళ్లేవాళ్లు, ఆపరేషన్‌లో ఏ భాగం ఎవరు చేస్తారో సమ్మతి పత్రంలో పేరుతో సహా రాయించుకోవాలి.

టర్కీలో విదేశీ రోగులకు చికిత్స చేసే ఆసుపత్రికీ, వాళ్లను తీసుకొచ్చే ఏజెన్సీకీ ఆ దేశ ఆరోగ్య శాఖ ఇచ్చే ప్రత్యేక అనుమతి పత్రం ఉండాలి. అది అడిగి చూడాలి. 2019 జనవరి నుంచి ఆ దేశంలో రకరకాల చికిత్సల తర్వాత 25 మందికి పైగా బ్రిటిష్ పౌరులు చనిపోయారని బ్రిటన్ విదేశాంగ శాఖ తన ప్రయాణ సూచనల్లోనే రాసింది. ఆ చికిత్సలన్నీ ఫేస్‌లిఫ్ట్‌లు కావు, అక్కడికి వెళ్లేవాళ్ల సంఖ్యా చాలా పెద్దది. అయినా ఒక ప్రభుత్వం అది రాయాల్సి వచ్చింది.

మన దగ్గర చూడాల్సిన డిగ్రీ ఎంఎస్ తర్వాత చదివే ఎంసీహెచ్ ప్లాస్టిక్ సర్జరీ, లేదా దానికి సమానమైన డీఎన్‌బీ, డీఆర్‌ఎన్‌బీ. అమెరికాలో ముఖానికే పరిమితమైన శిక్షణ పొందిన ఈఎన్‌టీ సర్జన్లూ ఫేస్‌లిఫ్ట్ చేస్తారు. బోర్డు మీద ‘కాస్మెటిక్ సర్జన్’ అని ఉండడం ఏ డిగ్రీకీ రుజువు కాదు. జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైట్‌లోనూ, రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లోనూ పేరు వెతికి రిజిస్ట్రేషన్ చూసుకోవచ్చు. జేసీఐ, ఎన్‌ఏబీహెచ్ గుర్తింపులు మంచివే, కానీ అవి ఆసుపత్రికిచ్చేవి, సర్జన్ చేతికిచ్చేవి కావు. ఏడాదికి ఎన్ని ఫేస్‌లిఫ్ట్‌లు చేస్తారని అడగండి. సంవత్సరమంతా జుట్టు మార్పిడి చేస్తూ అప్పుడప్పుడు ఫేస్‌లిఫ్ట్ చేసేవారు నా లెక్కలోకి రారు.

ఫొటోలు చూడడమూ ఒక విద్యే. ‘ముందు’ ఫొటోలో తల వంచి, పైనుంచి లైటు వేసి, జుట్టు విరబోసి ఉంటుంది. ‘తర్వాత’ ఫొటోలో గడ్డం ఎత్తి, ఎదురు లైటు, మేకప్, చిరునవ్వు. ఈ మార్పులకే సగం ముడతలు పోతాయి. ఆరు వారాల ఫొటోలో మిగిలిన వాపే ముడతలను నింపేస్తుంది. ఏడాది తర్వాతి ఫొటో, పక్క నుంచి తీసింది, చెవి స్పష్టంగా కనిపించేది అడగండి. చెవి తమ్మె చూస్తే సర్జన్ చేతి పని తెలిసిపోతుంది. వాట్సాప్ ఫొటోలు చూసి తేదీ ఖాయం చేసే చోట ఎవరూ మీ బీపీ చూడలేదు, చర్మం పట్టి లాగి చూడలేదు, నవ్వితే మూతి ఇప్పటికే వంకరగా ఉందేమో గమనించలేదు.

ఇంటికి చేరాక

కొన్ని ఇన్‌ఫెక్షన్లు ప్రయాణికుడితో పాటు సరిహద్దు దాటుతాయి. నీటిలో బతికే, క్షయ క్రిమికి దూరపు చుట్టమైన మైకోబాక్టీరియా అలాంటిది. డొమినికన్ రిపబ్లిక్‌లో కాస్మెటిక్ ఆపరేషన్లు చేయించుకుని అమెరికాకు తిరిగొచ్చినవాళ్లలో ఇది 2003-04లో, మళ్లీ 2013-14లో గుంపులుగా బయటపడింది. మానిందనుకున్న గాయం వారాల తర్వాత గడ్డలు కట్టి, మామూలు యాంటీబయాటిక్స్‌కు లొంగకుండా కారుతూనే ఉంటుంది. నెలల తరబడి రెండు మూడు మందులు కలిపి వాడాలి. అప్పుడు మీ ఊరి డాక్టరుకు ‘నేను ఫలానా దేశంలో ఆపరేషన్ చేయించుకున్నాను’ అని సిగ్గుపడకుండా చెప్పకపోతే, ఆయన ఆ క్రిమి కోసం పరీక్ష రాయడు. కాబట్టి వచ్చేటప్పుడే ఆపరేషన్ నోట్, మత్తు రికార్డు, వాడిన మందుల జాబితా ఇంగ్లీషులో తెచ్చుకోవాలి. బయలుదేరకముందే మీ ఊళ్లో ఒక ప్లాస్టిక్ సర్జన్‌తో మాట్లాడి, తర్వాత చూస్తారా అని అడగాలి. మరొకరు చేసిన ముఖాన్ని ముట్టుకోవడానికి చాలామంది వెనకాడతారు.

డబ్బు లెక్క త్వరగా చెప్పేస్తాను. భారతీయ ఆరోగ్య బీమాలో కాస్మెటిక్ సర్జరీ ప్రామాణిక మినహాయింపు, పాలసీలో ‘ఎక్స్‌క్ల్ 08’ కోడ్ కింద ఉంటుంది. సాధారణ ప్రయాణ బీమా ముందే అనుకుని వెళ్లిన ఆపరేషన్‌కూ, దాని చిక్కులకూ చెల్లించదు. మన దేశంలో వైద్యానికి జీఎస్టీ లేకపోయినా అందం కోసం చేయించుకునే సర్జరీకి 18 శాతం ఉంది. చెప్పిన ధరలో అది కలిసిందో లేదో అడగాలి. మళ్లీ థియేటర్‌లోకి వెళ్లాల్సి వస్తే ఖర్చు ఎవరిదో రాతపూర్వకంగా ఉండాలి. 1995లో సుప్రీంకోర్టు తీర్పుతో వైద్య సేవలు వినియోగదారుల చట్టం కిందికి వచ్చాయి కాబట్టి ఇక్కడ కేసు వేయవచ్చు. డల్లాస్‌లో కూర్చుని దాన్ని నడపడం మాత్రం వేరే కథ.

సంక్రాంతి ఆవిడ దగ్గరికి వద్దాం. ఆవిడ దిగిన రెండు మూడు రోజుల్లో, జెట్‌లాగ్ తీరాక, సర్జన్‌ను కలవాలి. అన్నీ సరిపోతే మొదటి వారంలోనే ఆపరేషన్. చుట్టాలనూ పెళ్లినీ ఈసారికి వదులుకోవాలి, లేదా ఆపరేషన్‌ను మరో సెలవుకు వాయిదా వేసుకోవాలి. రెండూ ఒకే సెలవులో పట్టవు. మూడు వారాల తిరుగు టికెట్ కొనేటప్పుడు, కాస్త ఎక్కువైనా సరే, తేదీ మార్చుకునే వీలున్న టికెట్టే కొనండి.